పరగడుపు గోలీ

డాక్టరమ్మ ఆ గోలీల షీటును చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, వెండి రేకు మీది సన్నటి అక్షరాలు చదివింది. చదివి మళ్లీ ముందుకు తిప్పింది. అంతవరకు స్కానింగ్ కాగితం మీద ఏదో రాసుకుంటున్న కలాన్ని బల్ల మీద పెట్టేసింది.

“ఇవి ఎవరివమ్మా?”

“మాయే,” అంది మా అన్న కూతురి అత్తగారు. “ఇంట్ల అందరం ఏసుకుంటం. పొద్దుగాల బస్సు హడావుడిల పిల్లకు ఇచ్చుడు మరిసిన. రక్తం ఇచ్చుడు అయిపాయె గదా, ఇప్పుడన్నా ఏసుకోవచ్చా అని అడుగుతున్న. లేకుంటే దానికి కడుపుల మంట లేస్తది.”

“రోజూ ఏసుకుంటదా?”

“రోజూ. టీకి ముందు.”

డాక్టరమ్మ మా పిల్ల వైపు, అంటే మా అన్న కూతురి వైపు తిరిగింది. “వచ్చిన ప్రతిసారి అడుగుత గదా నేను, వేరే మందులేమన్నా వాడుతున్నవా అని. లేదనే చెప్పినవ్.”

“ఇది మందు కాదు మేడం,” అంది మా పిల్ల. అది అబద్ధం ఆడే మనిషి గొంతు కాదు. “గ్యాస్ గోలీ.”

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. స్కానింగ్ కాగితాన్ని ఇంకోసారి దగ్గరికి లాక్కుని చూసింది. అందులో ఆమెకు కొన్ని వారాలుగా అంతుపట్టనిది ఏదో ఉందని మాకు తెలుసు. గుడ్డు పెరగడం లేదు. ఎందుకు పెరగడం లేదో తెలియడం లేదు.

“ఈ నెలకు ఆపేద్దాం,” అంది. “ల్యాబు ట్యాంకుల దాచి ఉన్నది ఒక్కటే పిండం. దాన్ని ఇప్పుడు బయటికి తియ్యను.”

అత్తగారు ఇంకా చెయ్యి చాపే ఉంది, షీటు తిరిగి ఇస్తారని. డాక్టరమ్మ దాన్ని ఇవ్వలేదు. మా పిల్ల పేరున్న ఫైలులో పెట్టి క్లిప్పు బిగించింది.

సూర్యాపేటలోని ఆ ఆస్పత్రి గదిలో నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మా పిల్ల భర్త మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ రోజు షిఫ్టు మార్చుకోవడం కుదరక ఆస్పత్రికి రాలేకపోయాడు. ఆస్పత్రి మా ఇంటికి నడిచేంత దూరం. అందుకని స్కానింగ్ ఉన్న రోజుల్లో మా పిల్ల కోదాడ నుంచి బస్సెక్కి వచ్చేది, పని అయ్యాక మా ఇంట్లో అన్నం తిని వెళ్లేది. భర్త రాలేని రోజున తోడుగా నేను వెళ్లేవాణ్ని. అత్తగారు మాత్రం అంతకుముందు ఎప్పుడూ ఆస్పత్రికి రాలేదు. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కడం ఆమెకు కష్టం. కొడుకు రాలేదు కాబట్టి కోడలు ఒంటరిగా పోవద్దని ఆ రోజు పట్టుబట్టి బయలుదేరింది. ఆమె రాకపోయి ఉంటే ఆ షీటు కోదాడలో టీ పొడి డబ్బా పక్కనే ఉండేది. డాక్టరమ్మ ఎన్ని నెలలైనా స్కానింగ్ కాగితాన్ని చూస్తూ ఉండేది.

ఆ గోలీ ఆ ఇంట్లోకి వచ్చిన దారి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట అత్తగారు తిన్నది అరగక, ఛాతీలో మంట లేచి, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయేది. కోదాడలో ఒక డాక్టరు పరీక్ష చేసి గోలీలు రాశాడు. కొద్ది రోజులు వాడి మళ్లీ రమ్మన్నాడు. గోలీ బాగా పనిచేసింది. అందుకే ఆమె మళ్లీ వెళ్లలేదు. ఖాళీ అయిన షీటును చీర కొంగున ముడేసుకుని మెడికల్ షాపుకు వెళ్లి చూపిస్తే కొత్త షీటు ఇచ్చారు. అలా ఖాళీ షీటే ఆమెకు డాక్టరు చీటీ అయింది. మన ఊళ్లలో దీన్ని తప్పని ఎవరూ అనుకోరు. షాపు అబ్బాయి కూడా షీటు చూడగానే “గ్యాస్‌దేనా పెద్దమ్మా, రెండియ్యాల్నా?” అని అడుగుతాడు తప్ప ఇంకేమీ అడగడు.

ఆమె గొర్రెల వాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. చిన్నప్పుడు నేరేడుచర్ల పక్కన తండ్రి మందతో తిరిగింది. వానాకాలం ముందు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపే పని ఆమెదేనట. ఒక గొర్రె దగ్గినా, పారినా, మందు మాత్రం మందకంతటికీ తాపాలి. ఒక్కదానికి తాపి మిగతావాటిని వదిలేస్తే వారం తిరగకముందే ఇంకొకటి పడుకుంటుంది. దవడ పక్కన వేలు పెట్టి నోరు తెరిపించి గొట్టంతో మందు పోయడం ఎలాగో ఆమె మా ఇంట్లో కూర్చుని చేసి చూపించింది ఒకసారి. మా ఆవిడ నవ్వి, “నా నోరు గిట్ల తెరిపిస్తరేమో వదినా” అంది.

సంసారంలోనూ ఆమె అదే పద్ధతి పాటించింది. కొడుక్కి జలుబు చేస్తే జలుబు గోలీ కోడలికీ, తనకూ. ఎవరికో జ్వరమైతే ఇంటిల్లిపాదికీ. అందులో పిసినారితనం లేదు, పెత్తనం లేదు. ఎవరినీ తక్కువ చేయకుండా చూసుకోవడమే ఉంది. కొడుకు నైటు షిఫ్టుల్లో వేళగాని వేళ తినడం వల్ల కడుపులో మంట అన్నప్పుడు పరగడుపు గోలీ అతనికీ మొదలైంది. మా పిల్లకు మొదలైంది వైద్యం సమయంలో.

మా పిల్ల కోదాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు కాలేదు. మొదట చిన్న వైద్యాలు, తర్వాత పెద్ద వైద్యం, ఐవీఎఫ్. మొదటి రోజుల్లో చేసిన రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇంజెక్షన్లు ఇచ్చి గుడ్లు తీశారు. రెండు పిండాలు మంచివి తయారైతే వాటిని చల్లటి ట్యాంకులో దాచారు. గుడ్లు తీశాక ఆమెకు పొట్ట ఉబ్బి, వికారం, మంట. కొద్ది రోజులు ఏమీ తినలేకపోయింది. అప్పుడే ఒక పొద్దున అత్తగారు టీ గ్లాసుతోపాటు అరచేతిలో గోలీ పెట్టింది.

“ఇది మింగు బిడ్డా. మీదికెల్లి టీ తాగు. గంటల సల్లవడ్తది.”

చల్లబడింది. ఆ తర్వాత రోజూ అలాగే. ఆమె అత్తగారికి రుణపడినట్టే భావించేది. మా ఇంట్లో పడుకున్న రోజుల్లో కూడా పొద్దున లేవగానే పర్సులో నుంచి గోలీ తీసేది, మా ఆవిడ నీళ్ల గ్లాసు అందించేది. మా ఇంట్లోనూ ఎవరూ దాన్ని మందు అనుకోలేదు. నాకు బీపీ గోలీ ఉంది, అది మందు. మా ఆవిడకు షుగరు గోలీ ఉంది, అది మందు. గ్యాస్ గోలీ వక్కపొడి లాంటిది.

ఆస్పత్రివాళ్లు మందులన్నీ తెమ్మనేవారు. మా పిల్ల లెక్కలు చెప్పే మనిషి కదా, చాలా పద్ధతిగా ఒక గుడ్డ సంచిలో అన్నీ తెచ్చేది. థైరాయిడ్ గోలీ, ఫోలిక్ యాసిడ్, విటమిన్లు, ఆస్పత్రి రాసిన హార్మోన్లు. వాటిని వరసగా బల్ల మీద పెట్టేది. గ్యాస్ గోలీ పర్సులో చిల్లర పక్కన ఉండేది.

మొదటి పిండాన్ని లోపల పెట్టారు. నిలవలేదు.

ఆ రోజు ఫోను చేసి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. “బాబాయ్, రాలేదట. నేను క్లాసుకు పోవాలె, మళ్ల చేస్త” అని పెట్టేసింది. ఆ తర్వాత చాలా కాలం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మళ్లీ గుడ్లు తీయించుకోవడానికి ఒళ్లు ఒప్పుకోదని ఆమే తేల్చి చెప్పింది. ఆ ఇంజెక్షన్లు, ఆ ఉబ్బరం ఇక వద్దంది. మిగిలిన ఒక్క పిండంతోనే చూద్దాం, అయితే అయింది, లేకపోతే లేదు, అని భార్యాభర్తలు ఇద్దరూ అనుకున్నారు. హార్మోన్లు కూడా వద్దు, సొంత నెలసరి మీదే పెట్టండి అని అడిగారు. డాక్టరమ్మ ఒప్పుకుంది. అలా చేయాలంటే ఆమె ఒంట్లో గుడ్డు దానంతటదే పెరిగి విడుదల కావాలి. ఆ సమయాన్ని బట్టి పిండాన్ని పెట్టాలి.

గుడ్డు పెరగలేదు. నెలసరి ఆలస్యమైంది. ఇంకో నెల చూశారు. మళ్లీ అంతే. ఆ రోజు మళ్లీ రక్తం తీశారు. ఆ ఫలితం ఇంకా రాకముందే అత్తగారు కొంగు ముడి విప్పి షీటు తీసి, గోలీ వేసుకోవచ్చా అని అడిగింది.

గది నుంచి మమ్మల్ని పంపే ముందు డాక్టరమ్మ విషయం చెప్పింది. నేను అడిగిన ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబిచ్చింది. ఆ గోలీలో రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి కడుపులో ఆమ్లాన్ని తగ్గించేది. రెండోది లెవోసల్పిరైడ్, తిన్నది ముందుకు కదలడానికి. ఈ రెండోది కొందరిలో ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతుంది. అది బాలింతల్లో పాలు పడేలా చేసే హార్మోను. అది ఎక్కువైతే శరీరం బిడ్డకు పాలిస్తున్నట్టు నడుచుకుంటుంది, గుడ్డును పండనివ్వదు.

తర్వాత నన్ను కాసేపు బయట ఉండమంది. లోపల ఆమె ఏం అడిగిందో, మా పిల్ల ఏం చెప్పిందో నాకు ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పింది. కొన్ని నెలలుగా మా పిల్లకు అప్పుడప్పుడు రవిక తడిసేదట. పాలే. ఇంజెక్షన్ల వల్ల అనుకుని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పలేదు. మొదటి పిండం నిలవని నెలలో కూడా అలా తడిసిందట. ఇది చెప్పి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ నర్సును పిలిచి ఏదో చెప్పినట్టుంది. మేము హాల్లో కూర్చుని ఉండగా నర్సు బయటికి వచ్చి గట్టిగా అంది, “అందరూ వినండ్రి. మేడం మందులేమన్నా వాడుతున్నరా అని అడిగితే అన్నీ చెప్పాలె. గ్యాస్ గోలీ, నొప్పుల గోలీ, నిద్ర గోలీ, పసరు మందు, బలానికి సూదులు. ఏదైనా సరే.”

హాల్లో సంచులు తెరుచుకున్న చప్పుడు. ఒకావిడ నొప్పుల గోలీలు పిడికెడు తీసింది. మూలన కూర్చున్న యువకుడు ఒకడు, నెత్తి మీద టోపీ సరిచేసుకుంటూ, నర్సు దగ్గరికి వచ్చి చిన్నగా అడిగాడు.

“సిస్టర్, జుట్టుకు వాడేది గూడ చెప్పాల్నా?”

చిన్నగానే అడిగాడు గానీ అతని భార్య చెవులు చురుకు. “ఏం జుట్టు? ఏం గోలీ? ఎప్పటిసంది?”

“అదేం లేదే. ఊడుతున్నదని ఒక డాక్టరు...”

“ఆర్నెల్లు నన్ను సూదులతోని పొడిపించినవ్. నువ్వేమో దొంగతనంగ జుట్టుకు గోలీలు మింగుతున్నవా? ఊడినా ఏం కొంప మునిగింది? టోపీ ఎట్లనో పెట్టుకుంటనే ఉన్నవ్ గదా!”

హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు, వేరే దారి లేక. నర్సు మాత్రం నవ్వకుండా అతని గోలీ పేరు అడిగింది. అలాంటి వాటిలో కొన్ని మగవాళ్ల వీర్యకణాల మీద ప్రభావం చూపవచ్చని, మానేస్తే చాలామందిలో మళ్లీ మామూలవుతుందని, అయినా లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడాలని అంది.

ఇంకొకావిడ భయపడి, “అయితే నా థైరాయిడ్ గోలీ కూడ ఇయ్యాల్టి నుంచి బంద్ పెడ్త” అంది. నర్సు ఒక్క అడుగు ముందుకు వేసి, “అది బంద్ పెడితే అసలుకే మోసం వస్తది. మీరంతట మీరు ఏదీ మొదలుపెట్టొద్దు, ఏదీ బంద్ పెట్టొద్దు. చెప్పుడు ఒక్కటే మీ పని” అంది. ఆ మాట మా పిల్లకు కూడా అవసరమైందే. థైరాయిడ్ గోలీ డబ్బాను ఆమె అప్పటికే అనుమానంగా చూస్తోంది.

మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం పెట్టారు. అత్తగారు కంచం ముందు కూర్చుని కలిపింది గానీ తినలేదు.

“అన్నా,” అంది నాతో, “ఇన్నొద్దులూ ఆ మందు నా చేత్తోనే పోసిన్నా నేను?”

నేను ఏదో చెప్పబోయాను. మా పిల్ల అడ్డం వచ్చింది. “అత్తమ్మా, ముందు తినుండ్రి. కోపమొస్తె నాకు రావాలె, నాకు రాలే. మీరెందుకు పరేషాన్ అయితరు?”

“నీకు రాలేదని నువ్వు అంటున్నవ్. మియ్యాలగూడల మీ అమ్మకు వస్తది.”

ఆమె అంచనా సరైనదే. సాయంత్రానికి మా అన్న మిర్యాలగూడ నుంచి ఫోను చేశాడు. “నువ్వు రేపు కోదాడ రారా. మేము బయలుదేరుతున్నం. మీ వదిన నోరు ఒక్కణ్ని ఆపలేను” అన్నాడు.

మర్నాడు మేము ముగ్గురం కోదాడలో ఆ ఇంటి ముందు ఆటో దిగాం. ఇంటి ముందుభాగంలో అత్తగారికి చిన్న కిరాణం ఉంది. ఆమె గల్లా దగ్గర నుంచి లేచి “రా వదినా” అంది. మా వదిన కూర్చోలేదు.

“ఏం వదినా, గొర్లకు తాపినట్టు నా బిడ్డకు గూడ తాపినవంట గదా?”

“తాపిన వదినా. నా చేత్తోనే తాపిన. కాదంటలేను.”

మా వదిన దారి పొడుగునా నేరేడుచర్ల మీదుగా వస్తూ సిద్ధం చేసుకున్న మాటలన్నీ, ఎదుటి మనిషి కాదంటుందన్న నమ్మకం మీద కట్టుకున్నవి. అవునంటే ఏం చేయాలో అనుకోలేదు. ఇంకో వైపు నుంచి వచ్చింది.

“నీకు మంట లేస్తే నువ్వు మింగు. నా బిడ్డ ఒచ్చి అడిగిందా నిన్ను?”

“అడిగిన,” అంది లోపలి నుంచి వచ్చిన మా పిల్ల. “ఒక్కరోజు మరిసిపోతే నేనే డబ్బా తీసి ఏసుకున్న. అమ్మా, నువ్వు ముందు కూసో. నీ సంచి ఇటియ్యి.”

“సంచెందుకే?”

మా పిల్ల సంచి తీసుకుని అడుగున చెయ్యి పెట్టింది. ఊరగాయ సీసా పక్కకు పెట్టింది. జొన్నరొట్టెలు పక్కకు పెట్టింది. వాటి కింద, నోట్‌బుక్కు కాగితంలో చుట్టిన పొట్లం. విప్పితే నొప్పుల గోలీలు, ఒకటి కాదు, రెండు షీట్లు.

“ఇవేంది?”

“అవి నొప్పి గోలీలే బిడ్డా. నెలనెలా నీకు నడుము పీకుతదని... నా మోకాళ్లకు డాక్టరు రాసినయే, మంచియి.”

“నిన్న మేడం వీటిని గూడ అడిగింది. గుడ్డు విడుదలయ్యే రోజుల్ల ఇసొంటి నొప్పి గోలీలు వాడితె గుడ్డు టైముకు బయటికి రాకపోవచ్చు అన్నది. నువ్వు పంపుతనే ఉన్నవ్, నేను మింగుతనే ఉన్న. ఇప్పుడు చెప్పు, ఎవలను కొడ్దాం?”

మా వదిన కూర్చుంది. కిరాణానికి వచ్చిన ఒక పిల్ల చక్కెర కోసం రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మా అన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు. “ఇద్దరు వియ్యపురాళ్లు కలిసి ఈ కిరాణంలనే ఒక మెడికల్ షాపు పెట్టుండ్రి. మంచిగ నడుస్తది.”

మొదట నవ్వింది అత్తగారే. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వదిన “ఈయన ఒకడు” అని మొహం తిప్పుకుంది గానీ, కాసేపటికి తనే లేచి, “టీ పెట్టనా వదినా” అని లోపలికి వెళ్లింది. టీ పొడి డబ్బా పక్కన గోలీల స్టీలు డబ్బా ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఎత్తి అటకపైకి నెట్టిన చప్పుడు మాకు వినిపించింది.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ప్రొలాక్టిన్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. మొదటి పరీక్షలో మామూలుగా ఉన్నదే. డాక్టరమ్మ ఆ గోలీని మాన్పించింది, కడుపు మంటకు ఒకే మందున్న వేరే గోలీ కొద్ది రోజులకు రాసింది, కొన్ని వారాలు ఆగి మళ్లీ రక్తం చూద్దామంది.

ఆ వారాలు ఆ ఇంట్లో తేలిగ్గా గడవలేదు. మంట తిరగబెట్టింది, అందరికంటే ఎక్కువగా మా పిల్ల భర్తకు. నైటు షిఫ్టు నుంచి వచ్చి, “నన్నెందుకు ఆపుతరే, నాకేం గుడ్డు పెరగాల్నా” అని భార్యతో గొడవ పెట్టుకునేవాడట. మగవాళ్లకు కూడా ఆ హార్మోను పెరిగితే మంచిది కాదని ఆమె చెబితే గొడవ మానేశాడు. అత్తగారికి మాత్రం చేతులు ఊరుకునేవి కావు. పొద్దున టీ గ్లాసు ఇచ్చాక ఆమె కుడిచెయ్యి ఇంకా ఏదో ఇవ్వాలన్నట్టు అక్కడే ఉండేదని మా పిల్ల చెప్పింది. తర్వాత ఆ చేతిలో నానబెట్టిన రెండు బాదం గింజలు కనిపించడం మొదలైంది. అందరికీ. లెక్క ప్రకారం.

అత్తగారిని నేనే కోదాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, మొదట ఆ గోలీ రాసిన ఆయన దగ్గరికే. ఆయన షీటు చూసి, “కొద్ది రోజులకే గదమ్మా నేను రాసింది” అన్నాడు. ఆమె చేతులు ముందుకు చాపమన్నాడు. వేళ్లు సన్నగా వణికాయి. ఆ వణుకును మేమందరం వయసు అనుకున్నాం. ఆ గోలీ ఏళ్ల తరబడి వాడితే పెద్దవాళ్లలో కొందరికి అలా వస్తుందట. మానేశాక తగ్గవచ్చు అన్నాడు ఆయన. ఇంకా పూర్తిగా తగ్గలేదు. టీ గ్లాసు సాసర్ మీద పెట్టినప్పుడు ఇప్పటికీ చప్పుడవుతుంది.

ఒకప్పుడు పత్రికలో నాతో పనిచేసిన ఒక మిత్రుడికి ఈ మధ్య ఈ సంగతి చెబితే వెంటనే ఉత్సాహపడ్డాడు. “గ్యాస్ గోలీతో సంతానలేమి. హెడ్డింగ్ పడిపోయింది గదన్నా” అన్నాడు. అలాంటి హెడ్డింగులు నేనూ చాలా పెట్టినవాణ్నే. కానీ డాక్టరమ్మ ఎన్నడూ ఆ వాక్యం అనలేదు. ఆమె నోట విన్నవన్నీ ‘కొందరిలో’, ‘కావచ్చు’, ‘చూద్దాం’ అనే మాటలు. వాటితో హెడ్డింగు కుదరదు. అదీగాక ఆ గోలీ నిజంగా అవసరమైన వాళ్లు దాన్ని చదివి భయపడి మానేస్తే ఎవరిది బాధ్యత? రాయవద్దని మిత్రుడికి చెప్పాను.

రెండో రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ మామూలుకు వచ్చింది. రవిక తడవడం ఆగింది. నెలసరి సమయానికి వచ్చింది. ఈ నెల స్కానింగులో గుడ్డు పెరిగిందని, పగిలి విడుదలైందని డాక్టరమ్మ తెర మీద చూపించింది. మా పిల్ల బయటికి వచ్చి, “బాబాయ్, వచ్చింది” అని అంది. ఏం వచ్చిందో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పక్కన ఉన్న భర్త ఆమె సంచిని తన భుజానికి తగిలించుకుని, ఎందుకో నాకు నమస్కారం పెట్టాడు.

పిండం మాత్రం ఈ నెల పెట్టలేదు. ఉన్నది ఒక్కటే కాబట్టి, ఇంకో నెల కూడా ఇలాగే సవ్యంగా నడుస్తుందో లేదో చూసి పెడదామంది డాక్టరమ్మ. ఎవరూ కాదనలేదు.

ఆ రోజు కూడా అత్తగారు వచ్చింది. ఈసారి కొంగున ముడి లేదు. లేచి వచ్చేసే ముందు ఆమె డాక్టరమ్మను అడిగింది.

“అమ్మా, ఒక్క మాట. మొదటిది నిలవకపోవుడు నా గోలీ వల్లనేనా?”

మా పిల్ల “అత్తమ్మా, ఇగ పోదాం పా” అని చెయ్యి పట్టుకుంది. ఆమె కదల్లేదు.

డాక్టరమ్మ ఫైలు వెనక్కి తిప్పి ఆ నెల కాగితం చూసింది. “ఆ నెల మేమే బయటినుంచి హార్మోన్లు ఇచ్చినం. కాబట్టి గోలీ ప్రభావం అంతగ ఉండకపోవచ్చు. లేనే లేదని మాత్రం నేను చెప్పలేను. ఏ గోలీ వాడనోళ్లకు కూడ నిలవనియి ఉంటయమ్మా. అది ఎందుకు నిలవలేదో తెలుసుకునే పరీక్ష నా దగ్గర లేదు.”

“అంటే ఎన్నటికీ తెల్వదా?”

“తెల్వదు.”

ఆమె తల ఊపి, కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగింది. రెండో పిండం ఆ ఆస్పత్రి పై అంతస్తులో, చల్లటి ట్యాంకులో ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల స్కానింగుకు తేదీ ఇవ్వలేదు, నెలసరి వచ్చాక ఫోను చేయమన్నారు.